రోమన్ అంకెలు నేర్చుకొందాం

వార్షికోత్సవ సంచిక అనగానే కవితలు, హాస్టల్ జ్ఞాపకాలు, వార్డెన్ గారి సందేశం, గ్రూప్ ఫొటోలు ఎలాగూ ఉంటాయి. మేము మాత్రం ఈసారి ఒక పాఠం రాయాలనుకున్నాం. ఆరో తరగతి తమ్ముడి నుంచి పోటీ పరీక్షలకు కూర్చునే సీనియర్ల దాకా అందరికీ పనికివచ్చేది, ఒక్క సాయంత్రం స్టడీ అవర్‌లో పూర్తయ్యేది ఏముందా అని ఆలోచిస్తే రోమన్ అంకెలు తట్టాయి.

"ఇదేం పాఠం, చిన్న క్లాసులోనే చెప్పారు కదా" అంటారేమో. చెప్పారు. ఒకటి నుంచి పది దాకా వల్లె వేయించారు. పదకొండు, పన్నెండు గడియారం చూసి తెలుసుకున్నాం. ఆ తర్వాత నలభై తొమ్మిది రాయమంటే ఎంతమంది తడుముకోకుండా రాస్తారు? 1947 రాయమంటే? మేము చదివే క్లాసులోనే అడిగి చూశాం. డిగ్రీ పట్టా చేతిలో ఉన్నవాళ్ళు కూడా నవ్వి ఊరుకున్నారు. కాబట్టి మొదటి నుంచి మొదలుపెడదాం.

ముందుగా ఒక షరతు. రోమన్ గుర్తులు చూస్తే రావు, రాస్తే వస్తాయి. అందుకని ఇక్కడ గుర్తుల పేర్లను తెలుగులో ఇస్తున్నాం. మీరు నోట్‌బుక్, పెన్సిల్ తీసుకొని వాటిని ఇంగ్లీషు పెద్దబడి అక్షరాల్లో రాసుకుంటూ చదవండి. మేము మధ్యలో పెట్టిన చిన్న గీతలు, కామాలు విడదీసి చూపడానికే. మీరు రాసేటప్పుడు అన్నీ కలిపి రాయాలి.

మొత్తం గుర్తులు ఏడే. ఐ అంటే 1, వి అంటే 5, ఎక్స్ అంటే 10, ఎల్ అంటే 50, సి అంటే 100, డి అంటే 500, ఎం అంటే 1000. సి, ఎం గుర్తుండటానికి ఒక చిట్కా ఉంది. లాటిన్ భాషలో వందను సెంటుమ్ అంటారు. కోస్తాలో, రాయలసీమలో మన పెద్దవాళ్ళు "ఐదు సెంట్ల జాగా" అంటారే, ఆ సెంటు ఎకరంలో నూరో వంతు. క్రికెట్‌లో సెంచరీ అదే, స్కేలు మీద సెంటీమీటరు అదే. వెయ్యికి లాటిన్‌లో మిల్లే. మిల్లీమీటరు అంటే మీటరులో వెయ్యో వంతు.

మిగిలినవాటికి సగాల చిట్కా. ఎక్స్ బొమ్మను అడ్డంగా సగానికి కోయండి. పై సగం వి. పదిలో సగం ఐదు. వెయ్యికి పూర్వం రోమన్లు వాడిన ఒక గుర్తు, మధ్యలో నిలువు గీత గీసిన సున్న లాంటిది. దానిలో కుడి సగం మన డి. వెయ్యిలో సగం ఐదు వందలు. అక్షరాల్లా కనిపించే ఈ గుర్తులు మొదట అక్షరాలు కావన్నమాట. కాలక్రమాన లాటిన్ అక్షరాల రూపంలోకి ఒదిగాయి.

మరి మొదట ఏమిటి? ఐదు వేళ్ళ చెయ్యి చూపిస్తే వి, రెండు చేతులు కలిపితే ఎక్స్ అని ఒక కథ చెబుతారు. కథ బాగుంటుంది కాని, ఎక్కువమంది పండితులు చెప్పేది కర్ర మీద గాట్ల సంగతి. మందను లెక్కపెట్టేవాడు కర్ర మీద ఒక్కొక్కదానికి ఒక గాటు పెడతాడు. గాట్లు పెరిగితే కన్ను తడబడుతుంది కనుక ఐదో గాటునూ పదో గాటునూ వేరే రకంగా పెడతాడు. ఆ మామూలు గాటు ఐ, ఐదో గాటు వి, పదో గాటు ఎక్స్ అయ్యాయని వాళ్ళ మాట.

ఇది చదివినప్పుడు మాకు నాయనమ్మ గోడ గుర్తుకు వచ్చింది. కూలికి పోయిన రోజుల లెక్క ఆమె పొయ్యి పక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకునేది. ఆసామి పద్దు పుస్తకంలో ఎన్ని రోజులు రాసినా, ఆమె గోడ ఆమెకు ఉండేది. ఆమెకు సంతకం రాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మొదట మేమే. రాజుల పేర్ల పక్కన, పెద్ద పెద్ద గడియారాల మీద దర్జాగా కనిపించే ఈ అంకెలు కూడా ఇలాంటి గీతల కుటుంబం లోవేనని తెలిశాక వాటిని చూస్తే బెరుకు పోయింది.

ఇక రాసే పద్ధతి. పెద్ద గుర్తు ముందు, చిన్న గుర్తు తర్వాత వస్తే కూడాలి. వి-ఐ అంటే ఐదూ ఒకటీ ఆరు. ఎక్స్-ఐ అంటే పదకొండు. ఎల్-ఎక్స్ అంటే అరవై. అదే చిన్న గుర్తు పెద్దదాని ముందు నిలబడితే తీసివేయాలి. ఐ-వి అంటే ఐదుకు ఒకటి తక్కువ, నాలుగు. ఐ-ఎక్స్ తొమ్మిది. ఎక్స్-ఎల్ నలభై. సులభంగా చెప్పాలంటే చిన్నది ఎడమ పక్క ఉంటే అప్పు, కుడి పక్క ఉంటే జమ.

తీసివేసి చెప్పడం ఏమిటి, వింతగా ఉందే అనుకోకండి. మనకూ అలవాటే. టైము అడిగితే "పావుతక్కువ పది" అంటాం. సంస్కృతంలో పంతొమ్మిదిని ఏకోనవింశతి అంటారు, అంటే ఇరవైకి ఒకటి తక్కువ. లాటిన్‌లోనూ పంతొమ్మిదికి పేరు సరిగ్గా అదే అర్థంతో ఉంది. పద్దెనిమిదిని వాళ్ళు ఇరవైకి రెండు తక్కువ అనేవారు.

అయితే ఎవరు పడితే వారు ముందు నిలబడటానికి లేదు. ఐ అనేది వి, ఎక్స్ ముందు మాత్రమే నిలబడుతుంది. ఎక్స్ అనేది ఎల్, సి ముందు మాత్రమే. సి అనేది డి, ఎం ముందు మాత్రమే. వి, ఎల్, డి ఎన్నడూ అప్పు వైపు రావు, రెండుసార్లు పక్కపక్కన కూడా రావు. వి-వి అని పది రాయడానికి ఎక్స్ ఉండగా ఎందుకు? ఐ, ఎక్స్, సి, ఎం మాత్రం వరుసగా మూడుసార్ల దాకా రావచ్చు. నాలుగోసారి వద్దు. ఎక్కువమంది తప్పు చేసేది 99 దగ్గర. వందకు ఒకటి తక్కువ కదా అని ఐ-సి అని రాసేస్తారు. ఐ పోయి సి ముందు నిలబడకూడదు. తొంభై వేరు, తొమ్మిది వేరు రాయాలి. ఎక్స్-సి, ఐ-ఎక్స్.

ఇక్కడ ఒక తమ్ముడు లేచి, "మా బంధువుల ఇంట్లో గడియారం మీద నాలుగు దగ్గర నాలుగు నిలువు గీతలు ఉన్నాయి, అది తప్పా?" అని అడగవచ్చు. తప్పు కాదు. పైన చెప్పిన నియమాలు ఇంత గట్టిగా స్థిరపడింది తర్వాతి కాలంలోనే. రోమన్లు రెండు రకాలుగానూ రాసేవారు. రోము నగరంలోని కొలోసియం ప్రదర్శనశాల గుమ్మాలకు నంబర్లు చెక్కి ఉన్నాయి. అందులో 44వ గుమ్మం మీద నలభైని మన నియమం ప్రకారం ఎక్స్-ఎల్ అని చెక్కి, పక్కనే నాలుగును నాలుగు ఐలుగా చెక్కారు! గడియారాల తయారీదారులు చాలామంది ఆ పాత అలవాటునే కొనసాగించారు. లండన్ బిగ్ బెన్ మీద మాత్రం ఐ-వి అనే ఉంటుంది. పరీక్షలో మీరు ఐ-వి రాయండి, మార్కు పోదు.

అప్పు, జమ ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నామంటే, మా మిత్రుడి సంగతి ఒకటి ఉంది. పీజీ అడ్మిషన్‌కు తొమ్మిదో అనుబంధం నింపి సంతకాలు చేయించి తెమ్మన్నారు. కాగితం మీద మామూలు అంకె ఎక్కడా లేదు, అన్నీ రోమన్ అంకెలే. అతడు ఐ-ఎక్స్ బదులు ఎక్స్-ఐ ఉన్న కాగితం పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళాడు. తండ్రి సంతకం కూడా కావాలి కాబట్టి ఆయన కూలి మానుకుని వెంట వచ్చాడు. తీరా కౌంటర్ దగ్గర "ఇది కాదు బాబూ" అని తిప్పి పంపారు. మళ్ళీ బస్సు, మళ్ళీ మండలాఫీసు, మళ్ళీ ఆయనకు ఒక రోజు కూలి నష్టం. గడువు చివరి రోజు సాయంత్రం కాగితం ఇవ్వగలిగాడు కనుక సీటు దక్కింది. అతడికి తెలివి తక్కువై కాదు. పది దాటిన రోమన్ అంకెతో అతడికి అంతవరకు పని పడలేదు, అంతే.

ఎంత పెద్ద సంఖ్యనైనా రాయడానికి ఒకే దారి. సంఖ్యను వేలు, వందలు, పదులు, ఒకట్లుగా విడదీయండి. ఒక్కొక్క స్థానాన్ని విడిగా రాసి వరుసగా కలపండి. ఒకట్లకు వాడే గుర్తులు ఐ, వి, ఎక్స్. పదులకు ఎక్స్, ఎల్, సి. వందలకు సి, డి, ఎం. బాణీ మాత్రం మూడింటికీ ఒకటే. ఒకట్లలో నాలుగు ఐ-వి అయితే, పదుల్లో నాలుగు ఎక్స్-ఎల్, వందల్లో నాలుగు సి-డి. ఒకట్లలో తొమ్మిది ఐ-ఎక్స్ అయితే, తొంభై ఎక్స్-సి, తొమ్మిది వందలు సి-ఎం. ఒకటి నుంచి తొమ్మిది వచ్చినవాడికి అన్నీ వచ్చినట్లే. కొత్తగా బట్టీ పట్టేది ఏమీ లేదు.

1947 తీసుకుందాం. వెయ్యి ఎం. తొమ్మిది వందలు సి-ఎం. నలభై ఎక్స్-ఎల్. ఏడు వి-ఐ-ఐ. అన్నీ కలపండి. అంబేద్కర్ గారు పుట్టిన 1891 అయితే ఎం, డి-సి-సి-సి, ఎక్స్-సి, ఐ. పుణేలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచిన 1848 అయితే ఎం, డి-సి-సి-సి, ఎక్స్-ఎల్, వి-ఐ-ఐ-ఐ. రాజ్యాంగం అమలులోకి వచ్చిన 1950 చాలా చిన్నది. ఎం, సి-ఎం, ఎల్, అంతే. ఒకట్ల స్థానంలో సున్న ఉంది కనుక అక్కడ ఏమీ రాయం. తెలంగాణ ఏర్పడిన 2014లో వందలు లేవు. ఎం-ఎం, ఎక్స్, ఐ-వి. ఇప్పటిదాకా గడిచిన సంవత్సరాల్లో అన్నింటికన్నా పొడవైనది 1888. పదమూడు గుర్తులు పడతాయి, రాసి లెక్కపెట్టుకోండి.

చదవడం ఇంకా తేలిక. ఎడమ నుంచి మొదలుపెట్టి, ప్రతి గుర్తు దగ్గర దాని తర్వాతది పెద్దదా అని ఒక్క చూపు చూడండి. పెద్దదైతే ఆ రెండింటినీ జతగా పట్టుకోండి. ఎం-సి-డి-ఎక్స్-ఎల్-ఐ-ఎక్స్ అని ఉంటే, ఎం వెయ్యి, సి-డి జత నాలుగు వందలు, ఎక్స్-ఎల్ జత నలభై, ఐ-ఎక్స్ జత తొమ్మిది. మొత్తం 1449.

ఇవి మనకు ఎక్కడెక్కడ ఎదురవుతాయి? స్కూల్ రికార్డుల్లో తరగతి పక్కన. సర్వీస్ కమిషన్ నోటిఫికేషన్లలో గ్రూప్ పక్కన. టెట్ పరీక్షలో పేపర్ పక్కన. చరిత్రలో ఒకే పేరున్న రాజుల పక్కన. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ను ఇంగ్లీషు పుస్తకాల్లో అసఫ్ జా అని రాసి పక్కన వి-ఐ-ఐ పెడతారు, ఏడో అసఫ్ జా అని. కెమిస్ట్రీలో ఇనుము పక్కన బ్రాకెట్లో ఐ-ఐ ఉంటే ఫెర్రస్, ఐ-ఐ-ఐ ఉంటే ఫెర్రిక్. బళ్ళో వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో ఉండేది ఫెర్రస్, అంటే రెండోది. చదివేటప్పుడు మాత్రం "ఐ ఐ" అనకూడదు, "టూ" అనాలి.

వీటన్నింటి కన్నా మన హాస్టల్ పిల్లలకు ముఖ్యమైన చోటు మరొకటి ఉంది, భారత రాజ్యాంగం. ఇంగ్లీషు ప్రతి తెరిస్తే ఆర్టికల్స్‌కు మామూలు అంకెలు, భాగాలకు రోమన్ అంకెలు కనిపిస్తాయి. మొదట అమలులోకి వచ్చినప్పుడు 395 ఆర్టికల్స్, 22 భాగాలు. చివరి భాగం ఎక్స్-ఎక్స్-ఐ-ఐ. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ ఆర్టికల్ ఉన్నది ఐ-ఐ-ఐ భాగంలో. షెడ్యూల్డు కులాల, తెగల, బలహీన వర్గాల విద్యను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని చెప్పే 46వ ఆర్టికల్ ఉన్నది ఐ-వి భాగంలో. చట్టసభల్లో రిజర్వు సీట్ల గురించి చెప్పేది ఎక్స్-వి-ఐ, అంటే 16వ భాగం.

మూడుకీ నాలుగుకీ తేడా ఇక్కడ ఒక్క గుర్తుది కాదు. మూడో భాగంలోనివి ప్రాథమిక హక్కులు. వాటికి భంగం కలిగితే కోర్టుకు పోవచ్చు. నాలుగో భాగంలోనివి ఆదేశిక సూత్రాలు. ప్రభుత్వం వాటిని పాటించాలి కాని, అమలు చేయించమని కోర్టును అడగలేమని 37వ ఆర్టికల్ చెబుతుంది. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఏ భాగంలో ఉండేదో తెలుసా? నాలుగో భాగంలో, 45వ ఆర్టికల్‌గా. అది కూడా పదేళ్ళలో అందించడానికి ప్రయత్నించాలి అని. అంటే 1960 నాటికి. పదేళ్ళు కాదు, నలభై ఏళ్ళు దాటినా అందలేదు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు పద్నాలుగేళ్ళ దాకా చదువు హక్కేనని తీర్పు చెప్పింది. 2002లో 86వ సవరణ చేసి, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల చదువును 21-ఎ ఆర్టికల్‌గా మూడో భాగంలో చేర్చారు. అది అమలులోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఐ-వి నుంచి ఐ-ఐ-ఐకి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో బడి మానేసినవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. మీ అమ్మానాన్నలను అడిగి చూడండి.

రాజ్యాంగం చదివేటప్పుడు రెండు చోట్ల తికమక పడతారు. ఐ-వి పక్కన ఎ అనే అక్షరం కనిపిస్తుంది. అది రోమన్ అంకె కాదు. 1976లో 42వ సవరణతో ప్రాథమిక విధులను నాలుగుకీ ఐదుకీ మధ్య చేర్చాల్సి వచ్చి, 4-ఎ అని పెట్టారు. రెండోది, వి-ఐ తర్వాత వి-ఐ-ఐ కోసం వెతికితే దాని కింద చదవడానికి ఏమీ ఉండదు. అచ్చు తప్పు కాదు. ఏడో భాగం, అప్పట్లో బి తరగతి రాష్ట్రాలనే వాటి పరిపాలన గురించి. హైదరాబాదు రాష్ట్రం అందులో ఒకటి. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆ తరగతులే పోయాయి, హైదరాబాదు రాష్ట్రమూ పోయింది, దాంతో ఏడో భాగాన్నీ రద్దు చేశారు. రద్దు చేసిన సవరణ కూడా ఏడోదే కావడం విచిత్రం.

ఇంత ఉపయోగం ఉన్నా, లెక్కలు చేయడానికి మాత్రం ఈ అంకెలు పనికిరావని మా అభిప్రాయం. కూడిక దాకా ఫరవాలేదు. 28కి 15 కలపాలంటే గుర్తులన్నీ ఒకచోట పోయండి. ఎక్స్‌లు మూడు, వి-లు రెండు, ఐ-లు మూడు. రెండు వి-లు కలిపి ఒక ఎక్స్. ఎక్స్‌లు నాలుగయ్యాయి కనుక ఎక్స్-ఎల్, తర్వాత ఐ-ఐ-ఐ. జవాబు 43. చింతగింజలతో చేసినట్లే ఉంది కదా! రోమన్లు చేసింది కూడా దాదాపు అదే. లెక్కపలక మీద గులకరాళ్ళు జరిపి లెక్క కట్టి, జవాబును మాత్రం అంకెల్లో రాసేవారు. లాటిన్‌లో కాల్క్యులస్ అంటే చిన్న రాయి. మన కాల్క్యులేటర్ పేరు దాని నుంచే వచ్చింది. కాని 28ని 15తో గుణించమంటే కాగితం నిండిపోతుంది. కారణం, ఈ పద్ధతిలో సున్న లేదు, స్థానం మారితే విలువ పదింతలయ్యే ఏర్పాటు లేదు. మామూలు నియమాలతో 3999 దాటి రాయలేం. ఆ పైన రాయాలంటే గుర్తు నెత్తి మీద అడ్డగీత గీస్తే వెయ్యి రెట్లు అని ఒక ఏర్పాటు చేసుకున్నారు.

సున్నను ఒక సంఖ్యగా తీసుకుని కూడిక, తీసివేత, గుణకారాలకు నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. మన అంకెలు అరబ్బుల ద్వారా పడమటికి చేరాయి. ఇటలీలో పీసా పట్టణపు లియోనార్డో, ఫిబొనాచి అని పేరు పడ్డవాడు, 1202లో లిబర్ అబాసి అనే పుస్తకం రాసి వాటిని యూరప్ వర్తకులకు నేర్పాడు. వెంటనే అందరూ ఒప్పుకోలేదు. 1299లో ఫ్లారెన్స్ నగరంలో డబ్బు మార్చే వర్తకుల సంఘం, పద్దు పుస్తకాల్లో కొత్త అంకెలు రాయకూడదని నిషేధించింది. సున్నను కొంచెం దిద్దితే ఆరో తొమ్మిదో అవుతుందని భయమట. దిద్దుడు భయం ఆసాములకు కూడా ఉంటుందన్నమాట!

ఇక మీ వంతు. జవాబులు చూడకుండా చేయండి. మొదటిది, 49 రాయండి. రెండోది, 444 రాయండి. మూడోది, ప్రాథమిక విధులు చేరిన 1976 రాయండి. నాలుగోది, సి-ఎక్స్-సి-ఐ-ఎక్స్ ఎంతో చదవండి. ఐదోది, మీ నాన్న పుట్టిన సంవత్సరం రాయండి. తెలియకపోతే ఆధార్ కార్డులో చూడండి. అక్కడ తేదీ జనవరి 1 అని ఉంటే కంగారు పడకండి, మన ఊళ్ళలో చాలామంది పెద్దవాళ్ళు కార్డుల లెక్కలో ఆ రోజే పుట్టారు. సంవత్సరం రాస్తే చాలు.

జవాబులు: మొదటిది ఎక్స్-ఎల్, ఐ-ఎక్స్. రెండోది సి-డి, ఎక్స్-ఎల్, ఐ-వి. మూడోది ఎం, సి-ఎం, ఎల్-ఎక్స్-ఎక్స్, వి-ఐ. నాలుగోది 199. ఐదోది రాసి మీ పక్క బెంచీవాడి చేత చదివించండి. అతడు చదివిన సంవత్సరం కార్డు మీది సంవత్సరం ఒకటే అయితే మీ ఇద్దరికీ పాఠం వచ్చినట్లే.